సముద్రం అడుగున పచ్చిక: వేడెక్కిన నీళ్లు, గుర్తించని హక్కులు

(ఆదివాసీ యువజన అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ్టి అంశం పేరు వినగానే మీలో కొందరికి అనుమానం వచ్చే ఉంటుంది. కొండల్లో, అడవుల్లో బతికే మనకు సముద్రం అడుగున మొలిచే గడ్డితో ఏం పని అని. న్యాయమైన ప్రశ్నే. నేనూ ఒక ప్రశ్న అడుగుతాను. కొమరం భీం పేరు తలుచుకుని మనం పలికే నినాదంలో మొదటి మాట ఏది? జల్. తర్వాతే జంగల్, ఆ తర్వాత జమీన్. మనం పట్టాల కోసం పోరాడాం, పోడు కోసం పోరాడాం. నీళ్ల మీద మన హక్కు ఏమిటని మాత్రం గట్టిగా అడగలేదు. ప్రపంచంలో కొందరు ఆదివాసులు ఆ ప్రశ్నను సముద్రం దాకా తీసుకుపోయారు. వాళ్ల అనుభవం మనకు పనికొస్తుంది కాబట్టే ఈ అంశం.

ముందు ఈ గడ్డి ఏమిటో చూద్దాం. సముద్రంలో పెరిగే పచ్చటిదంతా నాచే అనుకుంటాం. ఇది నాచు కాదు. నాచుకు అసలైన వేళ్లు ఉండవు, పూలు పూయదు. సముద్ర గడ్డికి వేళ్లున్నాయి, ఇసుకలో పాకే దుంపకాండం ఉంది, పూస్తుంది, కాస్తుంది, గింజ వేస్తుంది. అంటే మన నేల మీది గడ్డిలాంటిదే, ఉప్పునీళ్లలో బతకడం నేర్చుకుంది. ప్రపంచంలో దాదాపు 70 రకాలున్నాయి. ఎండ తగలాలి కాబట్టి లోతు తక్కువగా, నీరు తేటగా ఉన్నచోటే పెరుగుతుంది. చేపలు, రొయ్యలు, పీతలు పిల్లలుగా ఉన్నప్పుడు దాక్కునేది ఇందులోనే. పచ్చ తాబేలు మేసేది ఇదే. సముద్రపు ఆవు అని పిలిచే దుగాంగ్ అయితే దాదాపు పూర్తిగా దీని మీదే బతుకుతుంది. పెద్ద దుగాంగ్ రోజుకు 30, 40 కిలోల గడ్డి మేస్తుంది.

ఇప్పుడు ఒక చోటికి పోదాం. ఆస్ట్రేలియా పడమటి కొసన షార్క్ బే అనే అఖాతం ఉంది. మ్యాపులో పేరు అది. అక్కడి మల్‌గానా ప్రజలు దాన్ని గాథాగుడు అంటారు, రెండు నీళ్లు అని అర్థం. అక్కడ నాలుగు వేల చదరపు కిలోమీటర్లకు పైగా సముద్ర గడ్డి ఉండేది. 12 రకాల గడ్డి, సుమారు పది వేల దుగాంగ్‌లు. 1991లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

ఆ గడ్డి చేసిన పని చూడండి. నీళ్లలో కొట్టుకొచ్చే ఇసుకను, గవ్వల పొడిని ఆకుల మధ్య ఆపి, వేళ్లతో పట్టి, వేల ఏళ్లలో నీటి కింద గట్లు కట్టింది. ఆ గట్లు అడ్డం పడి లోపలి భాగానికి సముద్రపు నీళ్లు సరిగ్గా వచ్చిపోవడం తగ్గింది. ఎండకు ఆవిరై అక్కడ ఉప్పు మామూలు సముద్రం కంటే దాదాపు రెట్టింపు అయింది. అంత ఉప్పులో మేసే జీవులు బతకలేవు కాబట్టే, భూమ్మీద అత్యంత పురాతనమైన జీవ రూపాల్లాంటి రాతి దిబ్బలు అక్కడ ఇప్పటికీ సజీవంగా ఉన్నాయి. ఒక గడ్డి ఒక అఖాతం రూపాన్నే మార్చిందన్నమాట. 2022లో శాస్త్రవేత్తలు ఇంకో సంగతి బయటపెట్టారు. అక్కడ పొసిడోనియా అనే గడ్డిని పదిచోట్ల తీసి పరీక్షిస్తే తొమ్మిదిచోట్ల ఉన్నది ఒకే మొక్క అని తేలింది. ఒక మొలక నుంచి పాకుతూ పాకుతూ 180 కిలోమీటర్లు విస్తరించింది. వయసు కనీసం 4,500 ఏళ్లు ఉంటుందని అంచనా.

అంత కాలం నిలిచిన ఆ మైదానంలో పెద్ద భాగం ఒక్క వేసవిలో దెబ్బతింది.

అక్కడి వేసవి మనకు చలికాలం. 2010 చివర, 2011 మొదట్లో పడమటి ఆస్ట్రేలియా తీరంలో సముద్రపు నీరు మామూలు కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. ఒక రోజు, రెండు రోజులు కాదు, రెండు నెలలకు పైగా. దాన్నే సముద్ర వడగాలి అంటున్నారు. ఆ తర్వాత ఉపగ్రహ చిత్రాలతో లెక్కలు తీశారు. సుమారు 1,300 చదరపు కిలోమీటర్ల గడ్డి పోయింది.  ఎక్కువగా పోయింది ఆంఫిబోలిస్ అనే రకం. అది చల్లటి దక్షిణపు నీళ్ల గడ్డి, షార్క్ బే దాని ఉత్తరపు సరిహద్దు. అంచున బతికేవాళ్లకే దెబ్బ ముందు తగులుతుందనేది మనకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

వేడి గడ్డిని ఎట్లా చంపుతుంది? ఇంటి లెక్కతో చెప్తాను. మొక్క ఎండతో తిండి తయారు చేసుకుంటుంది, బతకడానికి కొంత ఖర్చు పెడుతుంది. నీరు వేడెక్కే కొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఒక హద్దు దాటాక రాబడి పెరగదు, తగ్గుతుంది కూడా. అప్పుడు మొక్క దుంపలో దాచుకున్నది తింటుంది. కరువు ఏడాది విత్తనాల గింజలు వండుకున్నట్టు. వడగాలి తొందరగా పోతే బతికిపోతుంది. రెండు నెలలు ఉంటే దాచుకున్నదీ అయిపోతుంది. ఆకు రాలుతుంది, దుంప కుళ్లుతుంది, వేళ్లు పట్టు వదిలేస్తాయి. అప్పటిదాకా పట్టి ఉంచిన ఇసుక, మట్టి లేచిపోతుంది.

ఆ మట్టిలోనే ఇంకో నష్టం దాగి ఉంది. ఈ గడ్డి వేల ఏళ్లుగా కార్బన్‌ను తన కింది మట్టిలో దాచింది. గడ్డి చచ్చాక ఆ మట్టి కదిలి, మూడేళ్లలో 20 లక్షల నుంచి 90 లక్షల టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ విడుదలై ఉంటుందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. వేడి గడ్డిని చంపింది, చచ్చిన గడ్డి మళ్లీ వేడిని పెంచే వాయువును వదిలింది. చేపల వేటకూ దెబ్బ తగిలింది. నీలి పీత, స్కాలప్ ఆల్చిప్పలు పడిపోయి 2012లో అక్కడ వాటి వేట ఆపాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి. నేను చెప్పదలుచుకున్న అసలు మాట దీని మీదే ఉంది. అదే వేసవిలో అక్కడి వూరామెల్ నదికి వరదలు వచ్చాయి. బురద నీళ్లు అఖాతంలోకి దిగాయి. నీరు మసకబారితే గడ్డికి ఎండ తగలదు. ఒక పక్క వేడితో ఖర్చు పెరిగింది, ఇంకో పక్క బురదతో రాబడి పడిపోయింది. రెండూ కలిసిన చోట గడ్డికి తేరుకునే సందు లేకుండా పోయింది.

బురద ఒక్కటే ఏం చేయగలదో ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ముందే చూశారు. బుచుల్లా ప్రజల నేల అయిన క్‌గారి దీవికి ఆనుకుని హెర్వీ బే ఉంది. 1992లో అక్కడ కొద్దివారాల తేడాలో రెండు వరదలు, ఒక తుఫాను వచ్చాయి. దాదాపు వెయ్యి చదరపు కిలోమీటర్ల గడ్డి చచ్చింది. 1988లో సుమారు 2,200 ఉన్న దుగాంగ్‌లు 1993 నాటికి 600కు పడిపోయాయి. కొన్ని వలసపోయాయి. చాలావాటి కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, ఎండిపోయి, ఆకలితో చచ్చినవి.

ఈ రెండు కథల నుంచి ఏం తేలుతోంది? గడ్డిని చంపేవి రెండు రకాలు. ఒకటి దూరం నుంచి వచ్చేది, అంటే వేడి. బొగ్గు, చమురు తగలబెట్టినవాళ్లు వేరు, వాళ్ల నగరాలు వేరు. షార్క్ బేలో ఎంత మంచి పార్కు పెట్టినా, ఎన్ని బోర్డులు పాతినా వేడినీళ్లు బోర్డు చదివి ఆగవు. రెండోది దగ్గర నుంచి వచ్చేది. కొండల మీద చెట్లు కొట్టేస్తే దిగే బురద, ఓడరేవు కోసం అడుగు తవ్వే డ్రెడ్జింగ్, అడుగు గీరుకుంటూ పోయే ట్రాల్ వల, ఊళ్ల మురుగు, చెరువుల నుంచి వదిలే రసాయనాలు. వీటిని ఆపడం మనుషుల చేతిలో, అదీ ఆ చోటి మనుషుల చేతిలో ఉన్న పని. దగ్గరి దెబ్బలు తగ్గితే గడ్డి దుంపలో కొంత నిల్వ ఉంటుంది, వడగాలిని తట్టుకునే అవకాశం పెరుగుతుంది.

అందుకే నేనంటాను, సముద్ర గడ్డి సంగతి సైన్సు సంగతి ఎంతో హక్కుల సంగతీ అంతే. వేడిని ఒక ఊరు ఆపలేదు. బురదను, డ్రెడ్జర్‌ను, ట్రాలర్‌ను ఆపగలదు. కానీ ఆపమని చెప్పే హక్కు ఆ ఊరికి చట్టంలో ఉండాలి.

మరి ఆ హక్కు ఉందా? వలస పాలకులు ఆస్ట్రేలియా నేలను ఎవరికీ చెందని నేలగా చూశారు. టారెస్ జలసంధి దీవుల నుంచి ఎడ్డీ మాబో, ఆయన తోటివాళ్లు వేసిన కేసులో 1992లో హైకోర్టు ఆ అబద్ధాన్ని కొట్టేసింది. అక్కడ హైకోర్టు అంటే దేశపు అత్యున్నత న్యాయస్థానం. అంతకుముందు నుంచీ వస్తున్న ఆదివాసీ హక్కును నేటివ్ టైటిల్ పేరుతో గుర్తించింది. అది నేల సంగతి. సముద్రం? 2001లో క్రోకర్ దీవి కేసులో అదే కోర్టు, సముద్రం మీద కూడా నేటివ్ టైటిల్ ఉండొచ్చు గానీ ఇతరులను రావద్దనే హక్కు మాత్రం ఉండదని చెప్పింది. వేటాడుకో, పూజ చేసుకో, కాపాడుకో, కానీ ట్రాలర్ వస్తే పొమ్మనలేవు అన్నమాట. 2008లో బ్లూ మడ్ బే కేసులో యోల్ఙు ప్రజలు ఇంకో మెట్టు ఎక్కారు. నార్తర్న్ టెరిటరీలో ఆదివాసీ భూమి పోటుకు మునిగి ఆటుకు తేలే ఒడ్డు వరకూ ఉంటుందని, దాని మీది నీళ్లలోకి రావాలంటే వాళ్ల అనుమతి కావాలని తీర్పు వచ్చింది. లోతు తక్కువ సముద్ర గడ్డి కొంత పెరిగేది సరిగ్గా ఆ జాగాలోనే.

మల్‌గానా వాళ్ల కేసు రెండు దశాబ్దాలు నడిచి 2018లో తేలింది. గడ్డి పోయిన ఏడేళ్లకు హక్కు వచ్చింది. గుర్తుపెట్టుకోండి, షార్క్ బే అప్పటికి 27 ఏళ్లుగా ప్రపంచ వారసత్వం. ప్రపంచానికి వారసత్వం అని రాసుకున్న తర్వాత, అసలు వారసుల పేరు కాగితం మీదికి రావడానికి అన్నేళ్లు పట్టింది.

ఇవాళ మల్‌గానా రేంజర్లు, వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి గడ్డిని మళ్లీ నాటుతున్నారు. పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. ఆంఫిబోలిస్ పిల్ల తల్లి మొక్క మీదే మొలకెత్తి, అడుగున చిన్న దువ్వెనలాంటి కొక్కెంతో విడిపోతుంది. నీళ్లలో కొట్టుకుపోతూ ఏదో ఒకదానికి తగులుకోవాలి. అడుగంతా బోసిపోయిన ఇసుకైతే దేనికి తగులుకుంటుంది? అందుకని పొడవాటి గోనె సంచుల్లో ఇసుక నింపి అడుగున పరిచారు. పిల్లలు ఆ గోనె పీచుకు పట్టుకుంటాయి. సంచి మెల్లగా కుళ్లిపోయేలోపు వేళ్లు దిగుతాయి. ఖరీదైన యంత్రం ఏమీ లేదు. మల్‌గానా భాషలో సముద్ర గడ్డికి వాళ్లకు వాళ్ల పేరుంది, విర్రియ జల్యను. ఆ నీళ్లను తరతరాలుగా చూసినవాళ్ల తెలివి, శాస్త్రవేత్తల తెలివి పక్కపక్కన పనిచేస్తున్నాయి. అయితే 1,300 చదరపు కిలోమీటర్లను గోనె సంచులతో తిరిగి నింపలేం. నాటడం మంచిదే. ఉన్నదాన్ని పోనివ్వకపోవడం అంతకంటే పెద్ద పని.

దూరం నుంచి వచ్చే వేడి మీద కూడా కొందరు కోర్టుకెక్కారు. టారెస్ జలసంధికి చెందిన ఎనిమిది మంది ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేశారు. వాతావరణ మార్పు నుంచి ఆ దీవుల ప్రజలను తగినంతగా కాపాడక ఆస్ట్రేలియా వాళ్ల సంస్కృతి హక్కును, ఇంటి హక్కును ఉల్లంఘించిందని 2022లో కమిటీ తేల్చింది. అదే జలసంధికి చెందిన పబై పబై, పాల్ కబై అనే ఇద్దరు పెద్దలు దేశంలోని ఫెడరల్ కోర్టులో వేసిన కేసు మాత్రం 2025 జులైలో ఓడిపోయింది. దీవులు దెబ్బతింటున్నాయని జడ్జి ఒప్పుకున్నారు. ప్రభుత్వానికి చట్టపరమైన బాధ్యత ఉందని మాత్రం ఒప్పుకోలేదు. నష్టం నిజమే, బాధ్యులు ఎవరూ లేరు! ఈ మాట మనకు కొత్తేమీ కాదు కదా.

ఇక మన దగ్గరికి వద్దాం. మన దేశంలో పెద్ద సముద్ర గడ్డి మైదానాలు తమిళనాడు పాక్ అఖాతం, మన్నార్ సింధుశాఖల్లో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. ఒడిశా చిలికాలో, మన పులికాట్‌లో కూడా కొంత ఉంది. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోట నీరు బురదగా ఉంటుంది కాబట్టి అక్కడ పెద్ద మైదానాలు పెరగడం కష్టం. 2022లో తమిళనాడు పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను దుగాంగ్ సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది.

అండమాన్‌లో లిటిల్ అండమాన్ దీవి మీద ఓంగీ ప్రజలు ఉంటారు. 2011 జనాభా లెక్కల నాటికి నూరు మంది చిల్లర. వేల ఏళ్లుగా అడవి పందిని, తాబేలును, దుగాంగ్‌ను వేటాడి బతికినవాళ్లు. వాళ్లను స్థిరపరిచిన ఊరి పేరే దుగాంగ్ క్రీక్. 1957లో దీవి మొత్తాన్ని వాళ్ల రిజర్వుగా ప్రకటించారు. తర్వాత దశాబ్దాల్లో బయటివాళ్ల కాలనీలకు, కలపకు, తోటలకు అందులోంచి ముక్కలు కోశారు. దీవి మీద అడవి కొడితే మట్టి ఎక్కడికి పోతుంది? వానకు దిగి, ఒడ్డున ఉన్న గడ్డి మీదికే. అడవి హక్కు, సముద్రపు హక్కు అని రెండు ఫైళ్లుగా చూసేది ఆఫీసు. వాన అట్లా చూడదు.

మన పులికాట్ ఒడ్డున యానాదులున్నారు. షెడ్యూల్డ్ తెగ. అడవిలో దుంప తవ్వడం, మందుమొక్క గుర్తుపట్టడం ఎంత తెలుసో, లోతులేని నీళ్లలో చేప, రొయ్య, పీత పట్టడం అంతే తెలుసు. వాళ్ల నీటి హక్కు ఏ కాగితంలో ఉంది? 2006 అటవీ హక్కుల చట్టం తీసి చూడండి. సెక్షన్ 3(1)(డి)లో చేపల మీద, జలవనరుల ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు అని స్పష్టంగా ఉంది. చాలా గ్రామసభలు ఈ క్లాజు కింద దరఖాస్తే పెట్టవు. అయితే చట్టం పరిధి అటవీ భూమి. సముద్రం, ఉప్పుటేరు చాలావరకు దాని బయటే ఉంటాయి. తీరానికి ఇంకో నిబంధన ఉంది, 2019 తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్. అందులో సముద్ర గడ్డి ఉన్న చోటును అత్యంత సున్నితమైన సీఆర్‌జెడ్ 1-ఏ తరగతిలో పెట్టారు. కాగితం మీద గడ్డికి రక్షణ ఉంది. గడ్డి పక్కన బతికే మనిషికి ఆ గడ్డి మీద నిర్ణయాధికారం లేదు. మనం పూరించాల్సిన ఖాళీ అదే.

ఇంకో హెచ్చరిక చెప్పి ముగింపుకు వస్తాను. ఇప్పుడు సముద్ర గడ్డికి కొత్త పేరు వచ్చింది, బ్లూ కార్బన్. అది దాచే కార్బన్‌కు ధర కట్టి, పొగ వదిలే కంపెనీలకు క్రెడిట్లుగా అమ్మొచ్చు అంటున్నారు. ఒకప్పుడు పనికిరాని జాగా అని తీసుకున్నారు, రేపు చాలా విలువైన జాగా అని తీసుకుంటారు. అడవిలో తోటల పేరుతో పోడు భూముల మీదికి మొక్కలు తెచ్చినప్పుడు ఇది చూశాం. షార్క్ బే లెక్క మళ్లీ గుర్తు చేసుకోండి. వేల ఏళ్లు దాచిన కార్బన్‌లో కొంత ఒక్క వడగాలి తర్వాత మూడేళ్లలో గాలిలో కలిసి ఉంటుందని అంచనా. దాన్ని చూపించి ఎవరో ఇంకోచోట పొగ వదులుకుంటే, రెండు వైపులా నష్టమే. అక్కడి ప్రజల ముందస్తు, స్వేచ్ఛాయుత అంగీకారం లేని ఏ కార్బన్ ఒప్పందాన్నీ మనం ఒప్పుకోకూడదు.

మరి మనం ఏం చేద్దాం? నాలుగు పనులు.

ఒకటి. మీ గ్రామసభలో వచ్చే సమావేశంలో సెక్షన్ 3(1)(డి)ని గట్టిగా చదవండి. మీ వాగు, మీ చెరువు, మీ మడుగు పేర్లు రాసి దరఖాస్తు పెట్టండి. నీటి మీద హక్కు అడగడం అక్కడ మొదలవుతుంది.

రెండు. తీరంలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ జిల్లా తీర నిర్వహణ పటం తెప్పించుకోండి. గడ్డి ఉన్నచోటు అందులో గుర్తించారో లేదో చూడండి. ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే మాట్లాడండి, మాట్లాడింది రాతలో ఉండేట్టు చూడండి.

మూడు. పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. నీటిలో పెరిగే ప్రతి దానికి మన భాషల్లో ఏ పేరుంది, ఏ నెలలో ఏది కనపడేది, ఇప్పుడు ఏది కనపడటం లేదు. తేదీ వేసి రాయండి, ఫోన్‌లో రికార్డు చేయండి. రేపు కోర్టులో అది సాక్ష్యం. మాబో కేసు నుంచి మల్‌గానా కేసు దాకా నేల మీద, నీళ్ల మీద తమ అనుబంధాన్ని వాళ్లు ఇట్లాంటి పెద్దల సాక్ష్యాలతోనే నిరూపించుకున్నారు.

నాలుగు. కొండ మీద ఉన్నవాళ్లు, తీరంలో ఉన్నవాళ్లు ఒకరి సభకు ఒకరు వెళ్లండి. గని తవ్వకానికి వ్యతిరేకంగా కొండ మీద నిలబడ్డప్పుడు మనం మన ఊటను ఒక్కదాన్నే కాపాడుకోవడం లేదు. ఆ బురద దిగకుండా కింద ఎవరి నీళ్లనో కూడా తేటగా ఉంచుతున్నాం. ఆ మాట కింద ఉన్నవాళ్లకు తెలియాలి. వాళ్ల పోరాటం మనకూ తెలియాలి.

సముద్రం ఇంకా వేడెక్కుతుంది. దాన్ని ఆపాల్సిన బాధ్యత పొగ వదిలినవాళ్లది, వాళ్లను వదలొద్దు. ఈలోపు గడ్డిలో నిల్వ మిగలాలంటే నీళ్లు తేటగా ఉండాలి. నీళ్లు తేటగా ఉండాలంటే ఆ నీళ్ల దగ్గర బతికేవాళ్లకు వద్దు అనే హక్కు ఉండాలి. ఇవాళ నేను మోసుకొచ్చిన మాట ఇంతే. ప్రశ్నలుంటే అడగండి, కూర్చుని మాట్లాడుకుందాం.

జోహార్.